కొరివికారం గిన్నె

భీమశంకరరావుకు లోకం ఇచ్చిన బిరుదు ఒక్కటే. స్టీల్‌ప్లాంటులో అన్నేళ్ళు క్రేన్ నడిపినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. గాజువాకలో ఇల్లు కట్టినందుకూ ఇవ్వలేదు. కారం తినగలడని మాత్రం 'మిరపకాయల రావు' అన్నారు. అది మెచ్చుకోలో వేళాకోళమో ఆయన విచారించలేదు. దొరికిందే చాలనుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలోనే, సొంతూరి పరువంతా తన నాలుక మీదే ఉందని ఆయన తీర్మానించుకున్నాడు. అందుకే ఏటా పండుమిరపకాయలు వచ్చే రోజుల్లో ఒక ఆదివారం మేడ మీద కారం విందు పెడతాడు. వచ్చేవాళ్ళు ఇంటికొక కారపు వంట తేవాలి. ఆయన వంతు కొరివికారం, అంటే పండుమిరపకాయలు నూరిన పచ్చడి. ముందు తాను ఒక ముద్ద తిని చూపిస్తాడు. తర్వాత ప్రతి విస్తరిలోనూ వడ్డించి, తిన్నవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా అక్కణ్ణుంచి కదలడు. అప్పుడు ఆయన ముఖంలో కనబడే వెలుగు పెళ్ళినాడు కూడా కనబడలేదని భార్య వెంకటరమణమ్మ అంటుంది.

ఈ ఏడు అందరినీ పిలిచేశాక కడుపులో మంట మొదలైంది. సీతమ్మధారలో డాక్టరు గొట్టం వేసి చూసి, పుండు పడిందన్నాడు.

"కొన్నాళ్ళు కారం మాట మరిచిపోండి."

"వాసన చూడొచ్చాండీ?" అని అడిగాడు మిరపకాయల రావు. డాక్టరు తలెత్తకుండా మందులు రాసిచ్చాడు.

విందు మానేద్దామంది వెంకటరమణమ్మ. మానేస్తే ఎందుకని అడుగుతారు. చెబితే బిరుదు పోతుంది. బిరుదు పోతే మిగిలేది బట్టతల క్రేన్ ఆపరేటరు. ఆపాటి మనిషి కోసం ఎవరు మేడ ఎక్కుతారని ఆయనకు నిజంగానే బెంగ పట్టుకుంది. చివరికి భార్యను బతిమాలి టమాటాలు, కాస్త బీట్‌రూట్ ఉడికించి నూరించాడు. వెల్లుల్లి, ఇంగువ తాలింపు పెట్టించాడు. ఒక్క మిరపకాయ లేకుండా కొరివికారం తయారైంది. రోలు దగ్గర ఆవిడ నవ్వుతూనే ఉంది. ఆయన మాత్రం బాంబు తయారుచేస్తున్నంత గంభీరంగా నిలబడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం క్రేన్ మీద తనకు జోడీగా పనిచేసిన ఉమామహేష్, అతని భార్య చిట్టమ్మ ఎండుచేపల పులుసుతో వచ్చారు. వన్‌టౌన్‌లో తాళాల కొట్టు నడిపే సిరాజ్, అతని భార్య చాంద్ సుల్తానా మిర్చీ సాలన్ తెచ్చారు. భీమశంకరరావు బీరువా తాళాలు పోగొట్టుకున్నప్పుడల్లా తెరిచిపెట్టే సిరాజ్‌కు ఆ ఇంటి చుట్టరికం అలా కుదిరింది.

భీమశంకరరావు ఎర్రటి ముద్ద కలిపి, కళ్ళు మూసుకుని, హీరోలా తిన్నాడు. అందరికీ వడ్డించాడు. తర్వాత ఉమామహేష్ పక్కన కూర్చున్నాడు.

"ఓలమ్మా! ఏటి బావా, ఈ ఏడు మరీ గట్టిగా ఏసేసినావ్! సెవుల్లోంచి పొగలొత్తన్నాయి!" అన్నాడు ఉమామహేష్, నోటి ముందు చెయ్యి ఆడిస్తూ. సిరాజ్ కళ్ళు తుడుచుకున్నాడు.

భీమశంకరరావుకు తల తిరిగింది. బీట్‌రూట్‌కు చెవుల్లోంచి పొగలేమిటి? ఆలోచించే తీరిక లేదు, విస్తరిలో సాలన్, పులుసు తనకోసం కాచుకుని ఉన్నాయి. మెల్లగా వాటిని అన్నం కిందికి తోశాడు. ఎవరైనా చూశారేమోనని పక్కకు చూశాడు. అక్కడ ఉమామహేష్ వేళ్ళు కొరివికారాన్ని అన్నం కిందికి తోస్తున్నాయి, ఎంతో అలవాటైన పనిలా.

చూపులు కలిశాయి.

"ఏటి బావా," అన్నాడు ఉమామహేష్, "నువ్వూనా?"

"నువ్వెప్పట్నుంచి?"

"మొదటేడు తిన్నాను. మర్నాడు డ్యూటీకి రానేదు, గుర్తుందా? ఆ తరవాత్నుంచీ ఇదే."

సిరాజ్ తన అన్నాన్ని కాస్త పక్కకు జరిపాడు. కింద ఎర్రగా ఉంది.

"మేం ఇంటికెళ్ళి పెరుగన్నం తింటాం, భాయ్‌సాబ్," అంది చాంద్ సుల్తానా.

"మరి ఆ కళ్ళనీళ్ళు?"

"ఉల్లిపాయ అన్నా," అంటూ సిరాజ్ జేబులోంచి ముక్క తీసి చూపించాడు.

"చెప్పొచ్చు కదయ్యా!"

"ఎలా సెప్తాం బావా? మా కళ్ళంట నీళ్ళు సూసి నువ్వంత సంబరపడిపోతావ్. ఏడాదికో పూటే గదా అనీసి."

భీమశంకరరావుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన నాలుకను చూసి జిల్లా గర్విస్తోందనుకున్నాడు. తీరా చూస్తే ఇన్నేళ్ళూ నలుగురు మంచివాళ్ళు ఉల్లిపాయ పెట్టుకుని తనను ఆడిస్తున్నారు.

"అసలది కారం కాదు బావా. టమాటా, బీట్‌రూటు. నాకు కడుపులో పుండు పడింది."

ముందు చిట్టమ్మ ఫక్కుమంది, తర్వాత మేడంతా నవ్వింది. వెంకటరమణమ్మ మాత్రం కుండెడు మజ్జిగ తెచ్చి మధ్యలో పెట్టింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాడాయన.

"ఏటా విస్తళ్ళు ఎత్తేది నేనేగా."

ఉమామహేష్ అన్నం కిందున్న ఎర్రముద్దను వెనక్కి లాగి, కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి నిజంగా నమిలాడు.

"బాగుంది బావా. ఇంకొంచెం ఎయ్."

భీమశంకరరావు గరిటె అందుకున్నాడు. ఆ గిన్నెలోంచి మారు అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరని అప్పటిగ్గానీ ఆయనకు తట్టలేదు. వడ్డిస్తుంటే కళ్ళు చెమర్చాయి.

"ఏటి బావా," అన్నాడు ఉమామహేష్, "ఉల్లిపాయా?"