పదకొండు పళ్ల క్లచ్

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. చదివిన చదువుకు తగ్గ పని దొరుకుతుందని ఒకటి, పెద్దవాళ్లు మాటిస్తే నిలబడతారని ఇంకొకటి. రెండూ ఒకే ఎండాకాలంలో, బూర్గంపాడు దగ్గర ఒక రేకుల షెడ్డు ముందు వదిలిపోయాయి. మరీ పాతకాలం కథేమీ కాదు, ఫోన్లో వీడియోలు చూసి ఊరికొకరు కొత్త వ్యాపారం మొదలుపెడుతున్న కాలమే. మా మేనమామ కూడా అలాగే దిగాడు. భద్రాచలం పోయే భక్తులంతా ఆ రోడ్డు మీదే పోవాలి గనక, దర్శనమయ్యి తిరిగొచ్చేటప్పుడు పిల్లలకు కాసేపు సరదాగా ఉంటుందని, మిర్చి ఆరబోసే తన సిమెంటు కళ్లం చుట్టూ పాత టైర్లు పేర్చాడు. హైదరాబాదులో మూతపడిన చోటెక్కడినుంచో నాలుగు గో-కార్టులు లారీలో వేయించుకొచ్చాడు. (కార్టంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పొలంలో నీళ్లు తోడే పెట్రోలు ఇంజనుకు నాలుగు చిన్న చక్రాలు, ఒక కుర్చీ, ఒక స్టీరింగు.) కళ్లాన్ని ఎంత కడిగినా ఘాటు మాత్రం వదల్లేదు. ట్రయల్‌కని ఒక్క చుట్టు తిరిగినవాడు కూడా తుమ్ముతూనే దిగాడు.

అప్పటికి నేను మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. పని అడగడానికి ఏ గ్యారేజీకి పోయినా "బిల్లింగ్ కాడ కూసుంటవా?" అనేవాళ్లు తప్ప, లోపల ఇంజను విప్పుతున్న వైపు చూపు కూడా పోనిచ్చేవాళ్లు కాదు. మామ షెడ్డులోనైనా నా చేతికి పని దొరుకుతుందని ఆశపడ్డాను. కానీ మెకానిక్ పదవిలో అప్పటికే ఆయన కొడుకు కొలువై ఉన్నాడు. అతన్ని మేం స్పానర్ బావ అనేవాళ్లం. వెనక జేబులో ఎప్పుడూ ఒక స్పానర్ పెట్టుకునేవాడు. దాంతో వీపు గోక్కోవడం చూశాను గానీ ఒక్క నట్టు విప్పడం చూడలేదు. ప్రారంభం దగ్గర పడిందనగా బావ, షెడ్డు ముందు కట్టిన ఫ్లెక్సీ బొమ్మలో మామ దండం పెడుతూ కూర్చున్న ఎర్రబండినే ఎక్కి, వీడియో కోసమని బ్రేకూ ఆక్సిలరేటరూ రెండూ కలిపి తొక్కిపట్టాడు. ఇంజను గర్జించింది, వెనకనుంచి పొగ లేచింది, సాంబ్రాణి అనుకున్నాడో ఏమో మామ చప్పట్లు కొట్టాడు. ఈ బండ్లలో క్లచ్‌కు పెడల్ ఉండదు. ఇంజను వేగం అందుకుంటే అదే లోపల విచ్చుకుని పట్టుకుంటుంది, చక్రం కదలనివ్వకుండా ఇంజన్ను రేజ్ చేస్తే రాసుకుని మాడిపోతుంది. మాడిపోయింది.

మామ తల పట్టుకున్నాడు. "ఓపెనింగు నాడు నేను గీ బండి మీదనే రావాలె బిడ్డా. నువ్వు నడిపిస్తె షెడ్డు నీదే. మెకానిక్‌వు నువ్వే. నా మాట మాటే." నేను ఆ మాటను కళ్లకద్దుకున్నాను. షాఫ్టు మందం కొలిచాను, పాత చైన్ ముక్క ఒకటి సంచిలో వేసుకున్నాను, ఖమ్మం బస్సెక్కాను. ఆడపిల్లను ఒక్కదాన్నే పంపకూడదని మామ కూడా వచ్చాడు. అక్కడే కొంప మునిగింది.

స్పేర్‌పార్టుల దుకాణంలో పెద్దాయన, అందరూ చాచా అంటారు, నా చైన్ ముక్కను చేత్తో వంచి చూసి చైన్ పట్టే పళ్లున్న ఒక క్లచ్ తీసి బల్ల మీద పెట్టాడు. "పది పండ్లది బేటీ. నీ మందం చైన్‌కు గిదే సూట్ అయితది." సరిగ్గా నాకు కావలసింది అదే. మామ మొహం మాడ్చాడు. "పదా? సున్నా మీద ఆగుతదా ఎవరన్న? నూటపదహార్లు ఎందుకు చదివిస్తరు పెండ్లిల్ల? నూరు పెట్టి ఊకోరెందుకు? పైన ఒకటి ఉండాలె. పదకొండుది తియ్ చాచా!"

"పదకొండు పండ్లది ఉంది గానీ సేఠ్, అది సన్నం చైన్‌ది."

"మామా, పంటి సందు తేడా ఉంటది, చైన్ కూసోదు," అన్నాను. "కూసుంటది, దేవుని పనికి అన్నీ కూసుంటయ్," అన్నాడు మామ. (దేవుని పని ఏమిటో నాకిప్పటికీ తెలియదు. గో-కార్టులు నడిపిన దేవుణ్ణి నేను వినలేదు.) పదకొండు పళ్లది కొన్నాం.

ఇంటికొచ్చి పెడితే చైన్ దాని మీద కూర్చోలేదు, పళ్ల కొసల మీద నిలబడింది. అయితే చైనే మార్చాలన్నాడు బావ. సన్నం చైన్ తెచ్చారు. క్లచ్ మీద బాగానే కూర్చుంది, కానీ వెనక ఇరుసు మీదున్న పెద్ద పళ్లచక్రం మందం చైన్‌ది, దానికి పట్టలేదు. సన్నం పళ్లచక్రం తెచ్చారు, దాని బోల్టు రంధ్రాలు మన ఇరుసుకు సరిపోలేదు. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, ఒక్క పన్ను కోసం బండి వెనక భాగమంతా మారిపోతోంది. నేను ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను, ప్రతిసారీ "నువ్వాగు పిల్లా" అంటూనే ఉన్నారు. చివరికి బావ వెల్డింగ్ షాపులో కొత్త రంధ్రాలు వేయించుకొచ్చాడు. ఇంజను వేయగానే చక్రం వంకరగా తిరిగి, చైన్ ఎగిరిపోయి, ఫ్లెక్సీలో దండం పెడుతున్న మామ చేతుల్ని చీల్చుకుని అవతల పడింది. మామ ఆ చిరుగులో వేలు పెట్టి చూశాడు. "నష్టజాతకం బండి," అన్నాడు.

మర్నాడు నేనొక్కదాన్నే ఎవరికీ చెప్పకుండా ఖమ్మం పోయాను. చాచా విసుక్కోలేదు. "వాపస్ తీస్కోను గానీ బదల్ ఇస్త," అని పది పళ్లది చేతిలో పెట్టాడు. పాత పళ్లచక్రం, పాత మందం చైన్ మళ్లీ ఎక్కించాను. అన్నీ ఒకదానికొకటి తెలిసినవాళ్లలా కలిసిపోయాయి. ఇక మిగిలింది మామే. క్లచ్ జారకుండా షాఫ్టు గాడిలో పెట్టే చిన్న ఇనుప ముక్క ఉంటుంది, అది ఆయన అరచేతిలో పెట్టాను. "మామా, పండ్లు పది. గిది లేకుంటె ఆ పదీ పనిచెయ్యవు. పది మీద గిదొకటి."

మామ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మొహం వెలిగింది. "అవ్! పదకొండు!"

ఓపెనింగు నాడు ఎర్రబండి పిల్లిలా కదిలి పులిలా పోయింది. మామ దండ వేసుకుని చుట్టు తిరిగి, తుమ్ముకుంటూ దిగి, అందరి ముందూ నా తల మీద చెయ్యి పెట్టాడు. ఇక షెడ్డు నాదే అనుకున్నాను.

"మా కోడలుకు లెక్క ఎంత మంచిగొస్తదో తెల్వదు మీకు! పది మీద ఒకటి ఎట్ల కలిపిందో! గింత లెక్కొచ్చిన పిల్లకు గ్రీజుల ఏం పని? టికెట్ల కాడ కూసుంటది." అని బావ భుజం తట్టాడు. "షెడ్డు వీడు చూస్కుంటడు."

జనం చప్పట్లు కొట్టారు. బావ స్పానర్ తీసి వీపు గోక్కున్నాడు. నేను నోరు తెరిచాను, కానీ పొగడ్తకు ఎదురుచెప్పడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. తిట్టి ఉంటే తిరగబడేదాన్నేమో.

ఆ ఎండాకాలమంతా టికెట్లు చింపాను. క్లచ్ జారుతున్న చప్పుడు అక్కడికే వినబడేది, ఏ బండిదో కూడా చెప్పగలిగేదాన్ని. బావ పొడిగా ఉండాల్సిన క్లచ్‌లో నూనె పోస్తూ కనబడేవాడు. వానలు పడేసరికి నాలుగు బండ్లూ మూలపడ్డాయి, పంట చేతికొచ్చేసరికి కళ్లంలోకి మళ్లీ మిర్చి వచ్చింది. ఇప్పుడు అశ్వారావుపేటలో తోటల యంత్రాలు బాగుచేసే షెడ్డు ఒకటి నా చేతికింద నడుస్తోంది. అయినా మామ మీద కోపం పోలేదు, పోవాలని నాకూ లేదు. ఆ టికెట్ల గదిలోని పిల్లను, అప్పటి నన్ను, తలుచుకుంటేనే నవ్వొస్తుంది. రోజూ పొద్దున జుట్టు బిగించి ముడేసుకుని, చున్నీ నడుముకు చుట్టుకుని, షెడ్డులోకి ఎప్పుడు పిలుస్తారో అని కుర్తా చేతులు పైకి మడుచుకుని కూర్చునేది. సాయంత్రం మడతలు విప్పుకుని ఇంటికి పోయేది. మర్నాడు మళ్లీ మడుచుకునే వచ్చేది, పిచ్చిది.