ముంజికాయల బండి చేసిన చేతులు

బొమ్మ మొదలుపెట్టే ముందే ఇంట్లోవాళ్ళని అడగాలని ఇప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

నా చిన్నప్పుడు నాన్న లారీ డ్రైవర్. బెల్లం లోడుతో వెళ్తే ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలియదు. వేసవిలో ఒక్కోరోజు నిద్ర లేచేసరికి నా మంచం పక్కన ముంజికాయల బండి ఉండేది. ముంజలు తీసేసిన రెండు కాయలు, వాటి మధ్య పుల్ల, తోయడానికి పంగలకర్ర. "రాత్రి మీ నాన్నొచ్చి సేసి ఎల్లిపోయేడే" అనేది అమ్మ. ఆ బండి తోసుకుంటూ చోడవరం వీధులన్నీ తిరిగేదాన్ని. నాన్న లేడన్న బెంగే ఉండేది కాదు.

ఇప్పుడు ఆ బండినీ, పుల్ల గుచ్చుతున్న నాన్న చేతులనీ పెద్ద కాన్వాసు మీద వేస్తున్నాను. విశాఖలో ప్రదర్శనకు 'నాన్న చేసిన బండి' అని పేరు కూడా ఇచ్చేశాను. వేళ్ళు మాత్రం ఎంతకీ కుదరలేదు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా అని ముంజికాయలు కొనుక్కొచ్చి, ముంజలు తినేసి, ఖాళీ కాయలు నాన్న చేతికిచ్చాను.

"ఒక్కసారి చెయ్యి నాన్నా, చూసి వేసుకుంటాను."

నాన్న సంబరంగా కూర్చుని, పుల్లని తిన్నగా ముంజ తీసిన కన్నంలో దూర్చాడు. చక్రం వదులుగా ఊగింది. పక్క కన్నంలో పెట్టాడు. అదీ అంతే. "ఇలాగే కదేటి?" అని నా మొహం చూశాడు. నాకేం తెలుసు, నా మొహం!

అమ్మ వంటింట్లోంచి వచ్చి కాయ లాక్కుంది. మూడు కన్నాల మధ్య గట్టిగా ఉన్నచోట పుల్ల ఆనించి ఒక్క పోటు పొడిచింది. రెండోదీ గుచ్చి నేలమీద దొర్లిస్తే బండి చక్కగా వెళ్ళింది.

"అమ్మా, నువ్వా చేసేదానివి?"

"మరెవలు సేస్తారు? నాన్న, నాన్న అని ఒకటే ఏడుపు. ఏటి సెయ్యను?"

"మరి నాన్న రాత్రి రావడం?"

"ఎక్కడొచ్చేడు? ఆ యేసంగి ఎండలన్నీ లారీతో రోడ్డు మీదే."

మరి నేను చూసిన చేతులెవరివి? రాత్రి నిద్రమత్తులో నాన్న పుల్ల చెక్కుతుంటే చూశాను, ఒట్టేసి చెప్పగలను. చూశానా, చూశాననుకున్నానా? కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో అంతుపట్టలేదు.

"నాకూ సెప్పలేదేటే?" అన్నాడు నాన్న. "ఇన్నేళ్ళూ మన గుంట నేనే సేసేనంటే, ఎప్పుడో సేసేనేమో అనుకున్నాను."

నాన్న కాన్వాసు దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఆ సేతులకి గాజులెయ్యమ్మా."

"ఒద్దు," అంది అమ్మ. "ఆ సేతుల కోసమే కదా ఈ గుంట ఏడిసింది."

కుంచె పట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాను.