ఖలాస్ అన్న మాట

గల్ఫ్ యుద్ధం రోజుల్లో ధహ్రాన్‌లో క్షిపణుల సైరన్ మోగిన ప్రతిసారీ మంచం కిందికి దూరేవాణ్ని. యుద్ధం ముగిశాక నన్ను జెద్దాకు మార్చారు. అక్కడా అదే ఏసీ మెకానిక్ పని, అదే భయం. కుక్కర్ కూత పెట్టినా ఉలిక్కిపడేవాణ్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం విదేశీయులుండే కాంపౌండులో ఏసీ బాగుచేస్తుంటే పక్క గదిలోంచి సైరన్ వినిపించింది. చేతిలో స్పానర్ జారిపోయింది. అంతలో ఆ కూత కింద డోలు మొదలైంది. సైరన్ కాస్తా మెత్తబడి పాటైపోయింది. వెళ్లి చూస్తే కీబోర్డు మీద ఫిలిప్పీన్స్ ఆయన, డోలు మీద సూడాన్ పెద్దాయన, పాడుతూ కరీబియన్ దీవుల నర్సమ్మ. ఆమె ముత్తాతలను ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడలెక్కించినప్పుడు వెంట వెళ్లిన పాటట అది. దానికి కీబోర్డులోంచి సైరన్ లాంటి కరెంటు మోతలు కలిపి, కాళ్లు ఆగకుండా వాయిస్తున్నారు.

ఊళ్లో డప్పు ముట్టనని నాన్నతో పోట్లాడి విమానమెక్కినవాణ్ని. అక్కడ మాత్రం ఏసీ రేకు మీద నాన్న డప్పు దెబ్బే వేశాను. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆ కాసేపు గది మొత్తం నీళ్ల మీద తేలుతున్నట్టుంది. భయం ఎటు పోయిందో తెలియదు. వీళ్లతో కలిసి వాయిస్తే చాలు, బతికిపోతాననిపించింది.

పాట ఆగాక పెద్దాయన నావైపు చెయ్యి చూపి, "ఖలాస్" అన్నాడు.

మా ఫోర్‌మన్ ఆ మాటంటే పని అయిపోయింది, ఇక పో అని. మా కరీంనగర్‌లో మనిషి పోయినా ఖలాసే. టూల్‌బాక్స్ తీసుకుని వచ్చేశాను.

"ఏమాయె తమ్మీ, గట్ల కూసున్నవ్?" అన్నాడు నా రూములో ఉండే అన్న.

"ఖలాస్ అన్నడే. మనతోని కాదట."

నెలరోజులు ఆ గేటు వైపు పోలేదు. అర్థమేమిటని అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోయేవా? మళ్లీ ఏసీ పాడైందని పిలిస్తే వెళ్లాను. డోలు లేదు. పెద్దాయన ఉద్యోగం ముగించుకుని ఎగ్జిట్ వీసా మీద సూడాన్ వెళ్లిపోయాడట, ఇక రాడు. ఫిలిప్పీన్స్ ఆయన నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టి, ఇన్ని వారాలు ఏమైపోయావని వచ్చీరాని హిందీలో కోప్పడ్డాడు.

ఆ రోజు వాయించిందంతా రికార్డు చేశారు. నా రేకు దెబ్బలున్నాయి. "ఖలాస్" ఉంది. తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు. ఆ వెనకే పెద్దాయన తన ఇంగ్లీషులో నవ్వుతూ వాళ్లతో అంటున్నాడు: "ఖలాస్, అంటే ఖాయమైపోయింది. ఇతను మనవాడు. వచ్చే వారం ఇంకో కుర్చీ వెయ్యండి."

సైరన్ భయం ఆ పాటతోనే పోయింది. ఆ తలుపు చప్పుడే ఇప్పటికీ వినలేను. వేసింది నేనే.