మైకులో చూసిన సినిమా

మా నాన్న సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కారణం పెద్దదేం కాదు, ఒక సినిమా.

ఉద్దానంలో మా ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మైకుసెట్టు వాడు కొబ్బరిచెట్టుకి బాకా కట్టేవాడు. పాటలయ్యాక ఏదో ఒక సినిమా మొత్తం, మాటలతో సహా, క్యాసెట్లో వేసేవాడు. నేను అరుగు మీద జీడిపప్పుకి తొక్క తీస్తూ వినేదాన్ని. తమ్ముళ్ళు సైకిలెక్కి హాలుకి పోయేవారు. ఆడపిల్లలకి సినిమాలేమిటని నాన్న నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు. అలా ఒక సినిమాని పాతికసార్లయినా విని ఉంటాను. అందులో హీరోయిన్ పాట ఎత్తుకునే ముందు నీళ్ళ చప్పుడు వస్తుంది. అది పడవేనని ఖాయం చేసేసుకున్నాను. దానికి తెల్లటి తెరచాప కూడా నేనే కట్టాను.

పెళ్ళయి పలాస వచ్చాక నా పిల్లలిద్దరికీ అన్నం తినిపిస్తూ ఆ కథే చెప్పేదాన్ని. "నువ్వు చూశావా అమ్మా?" అని పాప అడిగితే చూశానన్నాను. లేదని చెప్పడానికి సిగ్గేసింది.

వీసీడీలు వచ్చిన కొత్తలో కాశీబుగ్గలో ఒక షాపులో ఆ సినిమా దొరికింది. ఆదివారం తొందరగా వంట ముగించి, పిల్లల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాను. చెప్పాపెట్టకుండా అప్పుడే దిగాడు నాన్న. కుర్చీ లాక్కుని మా వెనకే కూర్చున్నాడు.

నీళ్ళ చప్పుడు రాగానే "ఇప్పుడు పడవొస్తుంది చూడండి" అన్నాను. రేవు వచ్చింది. హీరోయిన్ బట్టలుతుకుతోంది.

నాన్న నవ్వాడు. "పడవేటే? ఇందులో పడవ నేదు. నాను రెండుసార్లు సూసాను గదా, టెక్కలిలో."

ఎరువులకని, ఆఫీసు పనులకని పోయేవాడు టెక్కలి.

"మరి నన్నెందుకు ఎల్లనిచ్చినావు కాదు?" అన్నాను.

"అప్పుడలాగుండేది." అక్కడితో నన్ను వదిలేసి పిల్లలవైపు తిరిగాడు. "మీయమ్మకేటి తెలుసు, మైకులో ఇన్నాది. నన్నడగండి, సెప్తాను."

పాప నా మొహంలోకి చూసింది. "చూశానన్నావు కదమ్మా."

అబద్ధం నాదే. ఆడించిందెవరో ఆ వయసు పిల్లకి ఎలా చెప్పను? ఆ మనిషిని మెడబట్టి గెంటాలనిపించింది. లేచి వెళ్ళి టీ పెట్టాను.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి పిల్లలిద్దరూ ఆయన కుర్చీ దగ్గరకి జరిగిపోయారు. ఏ సీను తర్వాత ఏది వస్తుందో ఆయన ముందే చెప్పేస్తున్నాడు. ఒక్కటీ తప్పు పోవడం లేదు. పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు.

గుమ్మంలోనే ఆగిపోయి, వాళ్ళ ముందే అన్నాను.

"నాన్నా, ఇంక ముందుకి సెప్పకు. నానింకా సూడనేదు."