ఫీల్డులో ఉన్న మామయ్య

ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీ బస్సులో కొత్తగా ఎక్కినవాళ్ళని ఊరేది, ఇంటిపేరేది అని అడిగేవాళ్ళు కాదు. "పెద్దాయన పార్టీనా, కుర్రాయన పార్టీనా?" అని అడిగేవాళ్ళు. ఇద్దరూ సినిమాలకి పాటలు కట్టేవాళ్ళే. (పేర్లు చెప్పను. చెబితే ఇది చదివేవాళ్ళలో సగంమంది ఇక్కడే ఆగి మిగతా సగంతో పోట్లాటకి దిగుతారు, నా కథ వినే దిక్కుండదు.) పెద్దాయన మా అమ్మానాన్నల పెళ్ళినాటికే పేరు మోసినవాడు. కుర్రాయన అప్పుడప్పుడే వచ్చి అందరి ఫోన్లలో రింగుటోనై కూర్చున్నవాడు. ఇద్దరిలో అసలైన క్రియేటివిటీ ఎవరిదన్న గొడవ పొద్దున ఆరున్నరకి నరసరావుపేటలో మొదలై, పిడుగురాళ్ళ దాటేసరికి ముదిరి, దాచేపల్లిలో ఫ్యాక్టరీ గేటు ముందు మాట మధ్యలో ఆగేది. సాయంత్రం బస్సు కదలగానే ఆ మాట దగ్గరే మళ్ళీ అందుకునేవాళ్ళు. దేశంలో ఇంతకన్నా తేలాల్సిన సంగతి ఇంకోటి లేదని నేను కూడా మనస్ఫూర్తిగా నమ్మాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.

బీఎస్సీ అయిపోయి, సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ట్రైనీగా చేరాను. ట్రైనీ అంటే ఏదో అనుకునేరు. సిమెంటుతో అరచేతిలో పట్టేంత క్యూబులు పోసి, నీళ్ళలో నానబెట్టి, మూడో రోజున కొన్ని, ఏడో రోజున కొన్ని మిషన్లో పెట్టి పగలగొట్టి, ఎంత బరువుకి పగిలిందో పుస్తకంలో రాయడం. అంతే నా ఉద్యోగం. నన్ను పర్మనెంటు చెయ్యాలంటే మా ల్యాబు ఇన్‌ఛార్జి గారి సంతకం కావాలి. ఆయన్ని అందరూ చాటుగా శ్రుతి సారు అనేవాళ్ళు. ఫ్యాక్టరీలో ఫ్యాను తిరిగినా, బెల్టు అరిచినా "శ్రుతి తప్పింది" అనేవాడాయన. పెద్దాయన భక్తుడు. బస్సులో ముందు సీట్లన్నీ ఆయన పార్టీవే. వెనక సీట్లకి నాయకుడు ఎలక్ట్రికల్ సెక్షన్ కుర్రాడు. ఎప్పుడూ సంకలో చిన్న స్పీకరు పెట్టుకుని తిరిగేవాడు గనక స్పీకర్ బాబు.

"ఉన్న ఏడు స్వరాల్లోంచే ఇన్ని వందల పాటలు తీశాడు మా పెద్దాయన. అదిరా క్రియేటివిటీ అంటే!" అనేవాడు శ్రుతి సారు.

"ఏడిట్లోంచి ఎవురైనా తీస్తారు సార్. మావోడు గేటు కిర్రుమన్నా పాట చేస్తాడు, కుక్కర్ విజిలేసినా పాట చేస్తాడు" అనేవాడు వెనకనించి స్పీకర్ బాబు.

"కుక్కర్ విజిల్‌కి రాగమేందిరా?"

"మూడో విజిల్‌కి పప్పు ఉడుకుద్ది సార్. అదే రాగం."

బస్సంతా నవ్వేది. శ్రుతి సారు మాత్రం సొంత మనిషిని తిట్టినట్టు మొహం పెట్టుకుని కిటికీలోంచి సున్నపురాయి గుట్టల వంక చూసేవాడు.

నేను బస్సెక్కిన మొదటి వారంలోనే ఆయన నన్నడిగాడు. "మీ ఇంట్లో ఎవురికన్నా సంగీతం ఉందా అమ్మా?"

ఉంది. మా మామయ్యకుంది. మా అమ్మకి సొంత తమ్ముడు. మాచర్లలో బ్యాండుమేళం ఆయనది. పెళ్ళి ఊరేగింపుల్లో ఎర్రకోటు, బంగారు అంచు టోపీ పెట్టుకుని అందరికన్నా ముందు క్లారినెట్ వాయిస్తూ నడిచే మనిషి. నా చిన్నప్పుడు మా వీధిలోకి పెళ్ళి వస్తే ఆయన కోటు అంచు పట్టుకుని ఊరి చివరిదాకా నడిచేదాన్ని. అదంతా చెప్పొచ్చు. కానీ పక్కన ఇస్త్రీ చొక్కాల కెమిస్టులు, ఇంజినీర్లు కూర్చుని ఉన్నారు. నా నోటమ్మట "మా మామయ్య మ్యూజిక్ ఫీల్డే సార్" అని వచ్చింది.

"ఎక్కడా?"

"హైదరాబాద్... వస్తా పోతా ఉంటాడు." (అబద్ధం కాదు. రెండుసార్లు వెళ్ళొచ్చాడు. ఒకసారి క్లారినెట్ బాగుచేయించుకోడానికి, ఒకసారి కంటి ఆపరేషన్‌కి.)

"పెద్దాయన దగ్గరా?" అన్నాడాయన గొంతు తగ్గించి.

నేను నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

మర్నాటినించి నాకు ముందు వరసలో కిటికీ పక్క సీటు ఖాయమైపోయింది. గొడవ ఎటూ తేలనప్పుడల్లా "ఆ అమ్మాయిని అడగండి, వాళ్ళ మామయ్య ఫీల్డులో మనిషి" అనేవాళ్ళు. సంతకం పెట్టాల్సిందేమో శ్రుతి సారు. సాయంత్రం పూట నాకు జామకాయలు, మరమరాలు కొనిపెట్టేదేమో వెనక సీట్లవాళ్ళు. ఎవర్నీ వదులుకోలేక ఇద్దరికీ సరిపోయేలా చెప్పేదాన్ని. ఒకరోజు, పెద్దాయన పాట కట్టేముందు గదిలో కిటికీలన్నీ తీయిస్తాడని మామయ్య చెప్పాడన్నాను. ముందు సీట్లు పొంగిపోయాయి. వెనకవాళ్ళు చిన్నబోయారని, కుర్రాయన మాత్రం అన్నీ మూయిస్తాడంట అని కలిపాను. అంతే! ఆ రోజునించి శ్రుతి సారు భక్తితో కిటికీ అద్దం జరపడం, లారీల దుమ్మంతా లోపలికి రావడం, స్పీకర్ బాబు లేచొచ్చి మూసెయ్యడం. నెత్తిన ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి జుట్లతో ఫ్యాక్టరీలో దిగేవాళ్ళం. నేను చేసిన పని అనుకుని లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా. మాచర్ల మా బస్సు దారిలో లేకపోవడం నా అదృష్టం అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి నా పర్మనెంటు కాయితం శ్రుతి సారు బల్ల మీదికొచ్చింది. అదే నెలలో ఆయన కూతురి పెళ్ళి కూడా వచ్చింది. గురజాలలో. "పెళ్ళి కానీ అమ్మా, రాంగానే సంతకం పెడతా" అన్నాడు. బస్సు బస్సంతా పెళ్ళికి కదిలాం. పొద్దున పది గంటల ముహూర్తం. మే నెల. ఎనిమిదికే గురజాల రోడ్డు పెనంలా ఉంది. నేను కొత్త చీర కట్టుకుని, కల్యాణమండపం గేటు దగ్గర శ్రుతి సారు వాళ్ళతోపాటు పెళ్ళికొడుక్కి ఎదురెళ్ళేవాళ్ళలో నిలబడ్డాను.

వీధి చివర డ్రమ్ముల మోత వినపడింది. తర్వాత తెల్లగుర్రం, దానిమీద పెళ్ళికొడుకు కనపడ్డారు. వాళ్ళకి ముందు ఎర్రకోట్లు. ఆ ఎర్రకోట్లకి ముందు, పొట్ట దగ్గర ఒక గుండీ ఊడిన కోటుతో, కళ్ళు సగం మూసుకుని క్లారినెట్ వాయిస్తున్న మనిషి.

 గేటు పక్కనే చిన్న సందు, సందు మొదట్లో మజ్జిగ పందిరి ఉన్నాయి. మెల్లిగా జారుకుని మజ్జిగ బానల వెనక చీర సర్దుకుంటున్నట్టు వంగి నిలబడ్డాను. మజ్జిగ పోసే పెద్దమ్మ "ఏందమ్మా, వాంతొచ్చుద్దా?" అంది. కాదని తల ఊపాను. అవునన్నా బాగుండేదేమో.

నేనక్కడ వంగే లోపల మామయ్య నన్ను చూసేశాడని నాకు తెలియదు. క్లారినెట్ నోట్లో ఉంది, పిలవడానికి లేదు. చూసి ఊరుకునే మనిషీ కాదు. చెయ్యెత్తి డ్రమ్ముల్ని ఆపేశాడు. ఒక్క క్లారినెట్టే మిగిలింది. ఏదో మెత్తటి బాణీ, మెలికలు తిరుగుతూ వచ్చింది. పది అడుగుల దూరంలో శ్రుతి సారు గొంతు వినపడింది. "విన్నావురా? పెద్దాయన తొలిరోజుల బాణీ! ఇట్లాంటి మెలిక ఇంకెవురైనా వేస్తారా?"

"ఏం సార్ మీరు! కుర్రాయన కొత్త పాట మధ్యలో మ్యూజిక్కు అది. నా ఫోన్లో ఉంది, వినిపించమంటారా?" అన్నాడు స్పీకర్ బాబు.

"నీ మొహం! కన్నెపిల్ల నడకలా ఉంది, వాడికేం తెలుసురా అది?"

"మా కుర్రాయన్ని వాడూ వీడూ అంటే బాగోదు సార్, పెళ్ళని కూడా చూడను!"

వాళ్ళు అరుచుకుంటున్నారు. నాకు మాత్రం ఆ క్లారినెట్ దగ్గరికి వస్తున్నట్టనిపించింది. తలెత్తి చూశాను. మామయ్య గేటు వైపు కాకుండా సందులోకి తిరిగాడు. ఆయన వెనక బ్యాండు తిరిగింది. దాని వెనక గుర్రం బుద్ధిగా తిరిగింది. గుర్రం మీద పెళ్ళికొడుకు, వెనక మగపెళ్ళివారు నలభైమంది, వీడియో తీసేవాడు అందరూ కలిసి మజ్జిగ పందిరి ముందుకొచ్చి ఆగారు. మామయ్య క్లారినెట్ నోట్లోంచి తీసి పెద్దగా నవ్వాడు.

"ఏమే బుజ్జీ! ఇక్కడున్నావేందే! ఎంత చిక్కిపోయావే!"

పెళ్ళికొడుకు గుర్రం మీదినించి నన్నే చూస్తున్నాడు. శ్రుతి సారు చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఏందయ్యా మాస్టారూ! మండపం అటుంటే పెళ్ళికొడుకుని ఇటు తోలుకొస్తావేంది? ముహూర్తం దాటిపోద్ది!"

"తప్పైపోయిందయ్యా. మా మేనకోడలు కనపడింది. ఆర్నెల్లైంది దాన్ని చూసి" అన్నాడు మామయ్య.

శ్రుతి సారు ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. గుండీ ఊడిన కోటు చూశాడు. "అమ్మా, ఫీల్డులో ఉన్న మీ మామయ్య...?"

 మామయ్యే అందుకున్నాడు. "ఫీల్డులోనేగా అయ్యా ఉంది! ముప్ఫై ఏళ్ళనించి ఎండనక వాననక ఫీల్డులోనే. ఏనాడన్నా నీడపట్టున కూచుని వాయించానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. సంతకం పోయిందనుకున్నాను. కానీ శ్రుతి సారు సామాన్యుడు కాదు. ముహూర్తం, వియ్యంకులు, ఎండ అన్నీ మర్చిపోయి మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. "సరే మాస్టారూ, ఇద్దరి పాటలూ వాయించే మనిషివి. నువ్వే చెప్పు. పెద్దాయనా, కుర్రాయనా?"

స్పీకర్ బాబు కూడా ముందుకి తోసుకొచ్చాడు. లోపలినించి పంతులుగారు "అమ్మాయి తండ్రిగారూ!" అని మైకులో పిలుస్తున్నారు.

మామయ్య ఒక గ్లాసు మజ్జిగ తాగి, తీరుబడిగా చెప్పాడు. "పెద్దాయన చానా దయగలోడయ్యా. పాటలో ఊపిరి తీసుకోడానికి చోటిస్తాడు. వాయించేవోడు కూడా మనిషేనని ఆయనకి తెలుసు. కుర్రాయన పాట పట్టుకుంటే చివరిదాకా ఊపిరి దొరకదు, కళ్ళు బైర్లుగమ్ముతాయి."

శ్రుతి సారు మొహం వెలిగిపోయింది.

"కానీ పెద్దాయన పాటకి గుర్రం నిలబడి వింటదయ్యా, కదలదు. కుర్రాయన పాటకైతే కాళ్ళు ఆడిస్తది. పెళ్ళివారు దానికేగా పిలిచేది!"

ఈసారి స్పీకర్ బాబు ఈలేశాడు.

"మరి ఇందాక వాయించిందెవురిది? అది చెప్పు" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఏది? సందులోకి తిరిగేటప్పుడా? అది పాటేం కాదయ్యా. మలుపులో డ్రమ్ము కొడితే గుర్రం బెదురుద్ది. అందుకని ఆపేసి, అది తిరిగేదాకా నేనే ఏదోటి మెల్లిగా అల్లుతుంటా. చిన్న మలుపైతే చిన్నగా, పెద్ద మలుపైతే పెద్దగా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  చివరికి శ్రుతి సారు "అయితే మాస్టారూ, గుర్రాన్ని మళ్ళీ మండపం వైపు తిప్పాలిగా?" అన్నాడు. ఆ అడగడంలో పెళ్ళికూతురి తండ్రి తొందర లేదు. ఇంకోసారి వినొచ్చన్న ఆశ ఉంది. మామయ్య మళ్ళీ అల్లాడు. నాకు తెలిసి గురజాలలో ఏ గుర్రమూ అంత నెమ్మదిగా తిరిగి ఉండదు.

భోజనాల్లో బ్యాండువాళ్ళది ఆఖరి బంతి. మావాళ్ళందరూ తిని వక్కపొడి నములుతుంటే, నేను వెళ్ళి మామయ్య పక్కన కూర్చున్నాను. ఎందుకో తెలియదు, సిగ్గు పోయి ఆకలి మొదలైంది. ఎదురుగా కూర్చున్న డ్రమ్ము వాయించే ఆయన గబుక్కున సగం లేచి, "నమస్తే ఇంజినీరు మేడం! ఫ్యాక్టరీ అంతా మీ చేతి కిందేనంటగా, మాస్టారు ఎప్పుడూ మీ గురించే చెప్తారు" అన్నాడు.

నేను మామయ్య వంక చూశాను. ఆయన ఆకులో సాంబారు పారిపోతున్నట్టు అన్నంతో గట్టు కడుతున్నాడు.

"ఇంజినీరేంది మామయ్యా?"

"ట్రైనీ అంటే వీళ్ళకి అర్థం కాదులేవే" అన్నాడు తలెత్తకుండా. "క్యూబులు పగలగొడతావంటే ఏం బాగుంటది?"

 నేను అన్నం కలుపుకుంటూ గొంతు తగ్గించి, "నేను కూడా నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావని చెప్పా" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "హైదరాబాద్‌లోనా?" అని కాస్త ఆలోచించి, "అట్నా? జీతం ఎంతని చెప్పావే?" అన్నాడు. ఇద్దరం పొలమారేదాకా నవ్వాం. డ్రమ్ము ఆయన మంచినీళ్ళిచ్చి నెత్తిన తట్టాడు, ఇంజినీర్ని తట్టొచ్చో లేదో అని అనుమానపడుతూనే.

శ్రుతి సారు సోమవారం సంతకం పెట్టాడు. పెడుతూ పెడుతూ ఆ మలుపు బాణీ కూనిరాగం తీసి, "రెండో వరస ఇట్లాగేనా అమ్మా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. వెళ్ళి మామయ్యని అడిగితే, "ఆ రోజు ఏం వాయించానో నాకేం తెలుసే" అన్నాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. శ్రుతి సారు రిటైరైపోయాడు. ముందు పళ్ళు రెండు ఊడాక మామయ్య క్లారినెట్ పక్కన పెట్టేశాడు. నేను అదే ల్యాబులో ఇప్పుడు ఇన్‌ఛార్జిని. కొత్తగా చేరిన పిల్లలు చెవుల్లో తీగల్లేని పువ్వుల్లాంటివి పెట్టుకుని, నేనెప్పుడూ వినని పేర్లమీద పోట్లాడుకుంటుంటారు. మొన్నొక అమ్మాయి "మీ టైములో ఎవరు గొప్ప మేడం?" అంది. 'మీ టైములో' అన్న మాట కాస్త గుచ్చుకుంది గానీ, మాచర్ల బ్యాండు మాస్టారొకాయన ఉండేవాడని, మా అమ్మ తమ్ముడేనని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! మజ్జిగ బానల వెనక నక్కిన ఆ పిల్లని ఇప్పుడైతే రెక్కపట్టుకుని ఎండలోకి లాగి, ఆయన పక్కన నడిపించేదాన్ని. లాగినా వచ్చేది కాదులెండి. ఇరవై రెండేళ్ళు, కొత్త చీర, నెత్తిన బోలెడంత పొగరు. పాపం, దానికి మాత్రం ఏం తెలుసు?