వఫ్రా నుంచి వచ్చిన సెంటర్ ఫార్వర్డ్

కువైట్‌లో మా ఫుట్‌బాల్ జట్టుకు ఒక నోటు పుస్తకం ఉండేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో అందులో పేరెక్కడమంటే చిన్న సంగతి కాదు. పేరు పక్కన ఏ కాలేజీ, దానికి ముందు ఏ హైస్కూలు, అక్కడ ఏ ఆట ఆడాడు, ఏ స్థాయి దాకా వెళ్ళాడు, అన్నీ రాయాలి. రాసినదానికి సర్టిఫికెట్టు చూపించాలి. అక్కడ ఉండనిచ్చే ఇఖామాకి కాగితం, ఉద్యోగానికి కాగితం, డిగ్రీ నిజమేనని చెప్పడానికి ముద్ర మీద ముద్ర వేయించుకున్న కాగితం. అలా కాగితాల మీద బతుకుతున్నవాళ్ళం గనక బంతి తన్నడానికి కూడా కాగితం అడిగితే మాకెవరికీ వింతగా తోచలేదు. ఇంటికి ఉత్తరం రాసి మరీ పాత సర్టిఫికెట్లు తెప్పించుకున్నవాళ్ళున్నారు.

ఆ పుస్తకం మా కంపెనీ ఇంజనీరు గారిది. విజయవాడ మనిషి, యూనివర్సిటీ జట్టుకు ఆడినవారు, బ్నీద్ అల్ గార్‌లో కుటుంబంతో ఉండేవారు. నేను అదే కంపెనీలో సైటు గుమాస్తాను. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఖైతాన్‌లో మా గదుల వెనకనున్న ఖాళీ ఇసుక స్థలంలో ఆట. నూనె డబ్బాల్లో రాళ్ళు నింపి గోల్ పోస్టులుగా పెట్టేవాళ్ళం. అందరం పాతికేళ్ళ లోపువాళ్ళమో, అటూఇటూగానో ఉండేవాళ్ళం. మా గోలీ హైస్కూల్లో కబడ్డీ ఆడి, కాలేజీలో ఫుట్‌బాల్ వైపు తిరిగినవాడు. రైట్ అవుట్ ఆడే హైదరాబాద్ కుర్రాడు స్కూల్లో హాకీ. ఇంకొకడు హర్డిల్స్ పరిగెత్తేవాడట, ఎదురుగా ఎవరు పడినా దూకేసి వెళ్ళేవాడు. వీళ్ళందరిలోకీ ఘనమైన వివరం నాదే. "జిల్లా స్కూళ్ళ పోటీలు, ఫైనల్, సెంటర్ ఫార్వర్డ్, రెండు గోల్స్" అని ఇంజనీరు గారు తన గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశారు.

ఆ రెండు గోల్స్ నేను కొట్టలేదు.

మా కోనసీమ హైస్కూల్లో నేను రిజర్వు ఆటగాణ్ణి. జట్టు పట్టీలో చివరి పేరు నాది. మా అందరికన్నా బాగా ఆడేవాడు నాకు ఒక క్లాసు పైనున్న నా స్నేహితుడే, కానీ ఆ యేడు పదోక్లాసు తప్పాడు. స్కూలు రిజిస్టర్లో పేరు లేదు కాబట్టి పోటీకి పనికిరాడు. మా డ్రిల్లు మాస్టారికి కప్పు మీద ప్రాణం. నన్ను పక్కకు పిలిచి, నీ పేరు వాడికి రెండు పూటలు ఇయ్యరా, నీదేం అరిగిపోతుందీ అన్నారు. బదులుగా నాకు పోటీలు జరిగే కాకినాడ దాకా బస్సు ప్రయాణం, అక్కడ హోటల్లో భోజనం. ఇచ్చేశాను.

వాడు నా పేరుతో ఫైనల్ ఆడాడు. కాళ్ళకు గుడ్డపట్టీలు తప్ప ఏమీ లేవు. మొదటి గోలు ఎడమకాలితో కార్నరు దగ్గర నుంచి తిప్పి కొట్టాడు. రెండోది ముగ్గుర్ని దాటుకుని వెళ్ళి, గోలీని కూర్చోబెట్టి, నింపాదిగా లోపలికి తోశాడు. మైకులో నా పేరు చదవగానే నేను అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాను. మాస్టారు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టారు. వాడి చెప్పులూ చొక్కా నా ఒళ్ళోనే ఉన్నాయి.

సర్టిఫికెట్టు నా పేరు మీద వచ్చింది. దాంతో స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటొచ్చింది, సీటుతో డిగ్రీ, డిగ్రీతో కువైట్. కాలేజీ జట్టులోనూ మూడేళ్ళూ ఎక్కువగా గట్టు మీదే కూర్చున్నాను. వాడు పదో తరగతి మళ్ళీ రాయలేదు. కొబ్బరి దింపులకు వెళ్తున్నాడని విన్నాను. ఆ తర్వాత వినలేదు. విననందుకు నాకు హాయిగానే ఉంది, ఆ మాట దాచి లాభం లేదు.

ఎనభయ్యో సంవత్సరం చలికాలంలో మా కంపెనీ, కంపెనీల పోటీలకు సొంత జట్టు దించాలనుకుంది, ఎంపిక ఇంజనీరు గారికి వదిలింది. బయటివాళ్ళను నలుగురిని తీసుకుంటామని, స్టోరులో పనిచ్చి, రిలీజ్ కూడా తామే చూసుకుంటామని చెప్పారు. రిలీజంటే పాత కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని, వదిలి కొత్త కఫీల్ కిందికి మారడానికి కావలసిన కాగితం. దానికోసం ఏళ్ళతరబడి ఎదురుచూసేవాళ్ళుండేవాళ్ళు. ఈ కబురు నోటి మాటగా ఎక్కడెక్కడికో పాకింది. ఎంపిక పెట్టుకున్న శుక్రవారం ఒక కూరగాయల పికప్ మా గదుల ముందు ఆగింది. దోసకాయల పెట్టెల మధ్య నుంచి ఒక మనిషి దిగాడు. ఎండకు నల్లబడి, బాగా చిక్కి ఉన్నాడు. నడక చూడగానే గుర్తుపట్టాను, నా పేరుతో ఆడినవాడే.

నన్ను గోడ పక్కకు తీసుకెళ్ళాడు. ముందు నా భుజం పట్టుకుని ఊపి, "ఏరా, ఒళ్ళు చేసేవు" అన్నాడు. ఆ తర్వాత తన సంగతి చెప్పాడు. తోటపనని తీసుకొచ్చి, దక్షిణాన ఎడారి అంచున ఉన్న వఫ్రాలో గొర్రెల వెనక పెట్టారట. బస్సు రాదు. పికప్ వాళ్ళ దయ ఉంటేనే ఊళ్ళోకి రావడం, అదీ పొద్దుగూకేలోగా తిరిగి వెళ్ళిపోవాలి.

"మాటాడ్డానికి మనిషి లేడ్రా అక్కడ. ఎప్పుడన్నా నోరిప్పితే నా గొంతు నాకే కొత్తగా వినపడుద్ది," అన్నాడు. "ఈళ్ళు నలుగుర్ని తీసుకుంటారంట కదా. నా ఆట నీకు తెల్సుగా. ఓ మాట చెప్పరా."

చూద్దాం అన్నాను. ఆ చూద్దాంలో ఏమీ లేదని నాకు అప్పుడే తెలుసు.

ఆటకు ముందు మా గదిలో టీ తాగడం ఆనవాయితీ. కొత్తవాడిది మా ఊరి పక్కేనని తెలియగానే మా గోలీ ఉత్సాహపడ్డాడు. అయితే మావాడి ఫైనల్ మీకు తెలిసే ఉంటుందే అని మొదలుపెట్టి, కార్నరు దగ్గర నుంచి తిప్పి కొట్టిన గోలూ, ముగ్గుర్ని దాటిన గోలూ పూసగుచ్చినట్టు చెప్పాడు. రెండేళ్ళుగా శుక్రవారం శుక్రవారం నేను చెప్పినవే. చెప్పడంలో నేను కొంచెం వాన కూడా కలిపాను. నా చేతిలో టీ గ్లాసు కాలుతున్నా కింద పెట్టే ధైర్యం లేదు. వాడు చివరిదాకా విన్నాడు. నా వైపు చూడలేదు.

"ఆయ్, చూసేనండి," అన్నాడు గోలీతో. "నేనక్కడే ఉన్నానండి. గొప్పగా ఆడేరండి ఈయన."

గోడ పక్కన ఏరా అన్నవాడు నలుగురిలో నన్ను ఈయన అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పోటీల్లో బూట్లు తప్పనిసరి కాబట్టి ఇంజనీరు గారు బూట్లతోనే ఆడి చూపించమన్నారు. వాడికి బూట్లు లేవు, ఎప్పుడూ వేసుకోలేదు కూడా. నావి ఇచ్చాను. అవి వాడికి ఇరుకు. ఇసుకలో రెండుసార్లు జారిపడ్డాడు. బంతి కాలికి అతుక్కున్నట్టు ఉండాల్సినవాడు, దాన్ని కర్రతో కదిపినట్టు కదిపాడు. విప్పేసి ఆడతానండీ అని అడిగితే ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. ఒక్కసారి మాత్రం, కుంటుతూనే, వెనక్కి చూడకుండా రైట్ అవుట్‌కు ఒక బంతి ఇచ్చాడు. హాకీ కుర్రాడు దాన్ని ఊరికే తోస్తే గోలైంది. ఇంజనీరు గారు అది గమనించారు. ఆట అయ్యాక పుస్తకం తెరిచి వాణ్ణి దగ్గరికి పిలిచారు.

ఏ కాలేజీ అంటే లేదన్నాడు. హైస్కూల్లో ఆడేనండి అన్నాడు. సర్టిఫికెట్టు ఉందా అంటే ఇసుక వైపు చూస్తూ, లేదండి అన్నాడు. ఇంజనీరు గారు కఠినుడేమీ కాదు. బూట్లు నెల రోజుల్లో అలవాటవుతాయి, కానీ వెనక ఏమీ లేనివాడికి రిలీజ్ ఇప్పించమని మేనేజరును ఎలా అడగను అన్నారు. అని, నా వైపు తిరిగారు.

"మీరిద్దరూ ఒక చోటివాళ్ళే కదా. మీ స్కూలు టీంలో ఇతను ఆడాడా? మీరు ఆడాడని చెప్పండి చాలు, నేను రాసుకుంటాను."

ఇంత తేలిక చేసి ఇచ్చారు. సర్టిఫికెట్టు సంగతి బయటపెట్టనక్కరలేదు. ఆడాడండీ అంటే సరిపోయేది. కానీ ఆడితే ఎక్కడ ఆడాడు, ఫైనల్లో ఉన్నాడా, ఉంటే సర్టిఫికెట్టు ఎందుకు లేదు, ఇలా ప్రశ్న వెనక ప్రశ్న పుట్టి చివరికి నా గీత గీసిన రెండు గోల్స్ దగ్గరికి వస్తుందని భయపడ్డాను. ఉద్యోగం పోతుందన్న భయమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ఉద్యోగం ఎవడూ తీసేవాడు కాదు. శుక్రవారం టీ దగ్గర నా పరువు పోతుందని, అంతే.

"గుర్తు లేదండీ," అన్నాను.

వాడు బూట్లు విప్పి, ఇసుక దులిపి, నా ముందు జతగా పెట్టాడు. మడమలు రెండూ ఒరుసుకుపోయి ఉన్నాయి. పికప్ హారను కొట్టింది. వస్తానండి అని అందరికీ కలిపి చెప్పి వెళ్ళిపోయాడు. నాలుగో చోటు హాకీ కుర్రాడి స్నేహితుడికి దక్కింది. అతని దగ్గర మూడు సర్టిఫికెట్లున్నాయి.

ఆ బూట్లతో నేను సరిగ్గా ఆడలేకపోయాను. ఏదో వంక పెట్టి శుక్రవారాలు తప్పించుకున్నాను. ఎండలు ముదిరాక ఒకరోజు, సర్టిఫికెట్టు ఫైల్లో పెట్టుకుని, అదే పికప్ వాణ్ణి బతిమాలి వఫ్రా వెళ్ళాను. రేకుల పాక ముందు నన్ను చూసి వాడు నిజంగా సంతోషించాడు. మంచం దులిపి కూర్చోబెట్టాడు, నల్ల టీ పెట్టాడు, టమాటాలు ఏరి సంచిలో కట్టాడు. ఆ రోజు మాట ఎత్తనే లేదు. నేనే సర్టిఫికెట్టు తీసి వాడి చేతిలో పెట్టాను. ఇంజనీరు గారికి అంతా చెప్పేస్తాను అన్నాను.

దాన్ని వాడు అంతకు ముందెప్పుడూ చూడలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని పట్టుకున్నాడు. నా పేరున్న చోట వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"నలుగురూ నిండిపోయేరా?" అని అడిగాడు.

నిండిపోయారన్నాను.

"అయితే ఇంకెందుకులేరా," అని మడత పడకుండా ఫైల్లో పెట్టి ఇచ్చాడు. గొర్రెల వైపు చూస్తూ, ఏ కోపమూ లేకుండా అన్నాడు. "ఆ రెండు పూటలూ నీ పేరెట్టుకుని ఆడేను. నీ పేరు పాడు చెయ్యలేదు కదరా."

లేదన్నాను. పికప్ వాడు పిలిస్తే లేచి వచ్చేశాను. టమాటాల సంచి దారంతా నా ఒళ్ళోనే ఉంది.

తర్వాతి యేడు వాడి కఫీల్ తోట అమ్మేశాడని, పనివాళ్ళను తలో దిక్కుకూ పంపేశారని పికప్ వాడు చెప్పాడు. ఎక్కడికో అతనికీ తెలియదు. నేను కువైట్‌లో ఇంకో ఆరేళ్ళున్నాను. ఆ గోల్స్ కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. మా గోలీ మాత్రం కొత్తగా ఎవరొచ్చినా చెప్పేవాడు, నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. ఇంజనీరు గారు బదిలీ మీద వెళ్ళిపోయే రోజున పుస్తకం గుర్తుగా ఉంచుకొమ్మని నాకే ఇచ్చారు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ పేజీలో నా పేరు కొట్టేసి వాడి పేరు రాద్దామని చాలాసార్లు కలం తీశాను. రాయలేదు.