వీరన్న సార్ అడిగిన రంగులు

ఫార్మలిన్ సీసా మూత తీస్తే ముక్కు మండి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మా ప్రయోగశాలలో అందరికీ అంతే కాబట్టి నన్నెవరూ ఏమైందని అడగరు. నాకదే మేలు. ఆ వాసన తగిలితే చాలు, వీరన్న సార్ గుర్తుకొస్తారు. ఆయన పోయి ఏడాది దాటినా నాకింకా ఏడుపు ఆగదు.

బేతంచెర్లలో మా డిగ్రీ కాలేజీలో సార్ జంతుశాస్త్రం చెప్పేవారు. బండల పాలిష్ మిషన్ల దుమ్ము కిటికీలోంచి వచ్చి సీసాల మీద పేరుకునేది. రోజూ పొద్దున్నే తన చేతిరుమాలుతో తుడిచాకే పాఠం మొదలు. లోపల నక్షత్ర చేపలు, పీతలు, రాతికి అతుక్కుని పువ్వులా విచ్చుకునే సీ అనిమోన్లు, ఫార్మలిన్‌లో నాని అన్నీ ఒకటే గంజి రంగు. ప్రాణంతో ఉన్నదాన్ని సార్ కూడా ఎన్నడూ చూడలేదు. సముద్రానికి పిల్లల్ని తీసుకెళ్తానని ఏటా అడిగేవారు, అంత దూరం ఆడపిల్లల్ని ఎట్లా పంపుతామని పైవాళ్ళు ఏటా కాదనేవారు.

ఒకసారి నేను పుస్తకంలో బొమ్మ చూసి అనిమోన్‌కి పచ్చరంగు వేశాను. సార్ ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశారు. "చూసిందే గీయల్ల పాపా. సీసాలో తెల్లగుండాదా లేదా?" అన్నారు. ఉక్రోషంతో ఆ పూట నేను అన్నం కూడా ముట్టలేదు.

సార్ రిటైరయ్యారు. నేను పరిశోధనకు విశాఖ చేరి, తర్వాత అక్కడే పాఠాలు చెప్పసాగాను. రమ్మని ఎన్నిసార్లు పిలిచానో! చివరికి ఒక చలికాలం వచ్చారు. రైలు దిగినప్పటి నుంచి ఆయన భార్య చెయ్యి వదల్లేదు. వయసు మీద పడింది కదా అనుకున్నాను.

ఆటు వేళ, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, ఆవిడను ఇసుకలో కూర్చోబెట్టి సార్‌ని మెల్లగా రాళ్ళ మీదికి నడిపించాను. పై రాళ్ళకు అతుక్కున్న గరుకు గుల్లలను వేళ్ళతో తడిమారు.

"నీళ్ళు లేకుండా ఈ ఎండకు ఎట్ల బతుకుతాయివి?"

"లోపల కాస్త తడి దాచుకుని తలుపు మూసుకుంటాయి సార్. మళ్ళీ పోటు వచ్చేదాకా అంతే."

"అయితే మన సీమ జీవాలే!" అని పకపకా నవ్వారు.

కింద రాళ్ళ మధ్య నిలిచిన నీళ్ళలో ఒక అనిమోన్ విచ్చుకుని ఉంది. సార్ వేలు పట్టుకుని దానికి తాకించాను. "పట్టుకుంటాంది పాపా!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగారు, "ఏం రంగుండాది?"

అది ఆయన ముఖం కిందే ఉంది. తలెత్తి చూస్తే ఆయన చూపు ఇంకెటో ఉంది.

"పచ్చగా ఉంది సార్. కొసలు గులాబీ రంగు."

సార్ వేలు తీయలేదు. "నీ బొమ్మ కొట్టేస్తి గదా. ఇన్నేండ్లూ పిల్లోల్లకు చచ్చినవాటి రంగే చెప్పినా." కాదు సార్ అన్నాను. ఆయన వినిపించుకోలేదు. "సరేలే. ఇంకేమేముండాయో చెప్పు" అన్నారు. నారింజ చారల పీత, ఊదా ముళ్ళ జీవి, నల్లటి నత్తలు... పోటు మా పాదాలను తడిపేదాకా చెబుతూనే ఉన్నాను.

"షుగరు కండ్లు తినేసిందమ్మా. ముందే చెప్తే నువ్వు వద్దంటావని నన్ను చెప్పనీలే" అంది ఆవిడ, ఆయన కాళ్ళకంటిన ఇసుక దులుపుతూ.

అప్పటినుంచి నేను ఒడ్డుకు వెళ్ళిన ప్రతిరోజూ సార్ ఫోన్ చేసేవారు. "ఈ పొద్దు ఏం చూస్తివి?" అనేవారు. రంగు చెప్పకుండా పేరు మాత్రం చెబితే ఒప్పుకునేవారు కాదు.

ఇప్పుడు ఆ ఫోన్ రాదు. అయినా రాళ్ళ మీద వంగినప్పుడల్లా కనిపించిన ప్రతి రంగునూ పైకే చెబుతాను. నా విద్యార్థులు తమ కోసమే అనుకుని రాసుకుంటారు. రాసుకోనిస్తాను.